కౌలు నేల మీద కట్టిన పల్లె

2018లో దక్షిణ కాలిఫోర్నియా తీరాన, కారులో రెండు గంటల దూరంలో ఉన్న రెండు బజారు పల్లెలకు ఒకేసారి గడువు తీరింది. లాస్ ఏంజిలస్ నగరానికి రేవు అయిన శాన్ పెడ్రోలో 1963 నుంచి ఉన్న పోర్ట్స్ ఓ కాల్ విలేజ్‌ను ఆ ఏడాది కూలగొట్టడం మొదలుపెట్టారు. ఖాళీ చేసేది లేదని కోర్టుకెక్కిన పెద్ద రెస్టారెంటు ఒకటి కొన్ని నెలలు పోరాడి ఓడిపోయింది. శాన్ డియెగోలో 1980లో తెరిచిన సీపోర్ట్ విలేజ్‌ను ఎవరూ కూల్చలేదు గానీ, సెప్టెంబరు 30తో దాని లీజు ముగిసింది. మర్నాటి నుంచి భూమి హక్కుదారైన పోర్టు సంస్థే దాన్ని నడపసాగింది. రెండు ఊళ్లలోనూ జనం బాధపడ్డారు. చిన్నప్పుడు ఎక్కిన రంగులరాట్నం, ఆదివారం తిన్న వేయించిన రొయ్యలు, పెళ్లిరోజు భోజనాలు గుర్తుచేసుకున్నారు. రెండు చోట్లా అధికారులు చెప్పిన సమాధానం కూడా ఒకటే. ఇవి పాతబడ్డాయి, కాలం మారింది, కొత్తవి కట్టాలి అన్నారు. ఇటు బెంగ, అటు కాలం మారిందన్న మాట, రెండూ అసలు విషయానికి పక్కగానే వెళ్లాయని నా అభిప్రాయం. ఈ పల్లెలు ఎలా పుట్టాయి, ఎలా కనిపించాయి, ఎందుకు వెలిసిపోయాయి, ఎప్పుడు పోయాయి అన్నవాటిని తేల్చింది జనం అభిరుచి కన్నా లీజు కాగితం. వాటి స్థానంలో రాబోయేవాటి జాతకం రాసేది కూడా అదే కాగితం.

ఇక్కడి భూమి సంగతి తెలియకపోతే ఈ మాట అతిగా అనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఆటుపోట్లు తాకే నేల, దాన్ని పూడ్చి పైకి లేపిన నేల చాలావరకు ఎవరి సొత్తూ కాదు. 1850లో రాష్ట్రంగా చేరినప్పుడు ఆ నేలలు ప్రజల తరఫున రాష్ట్రం చేతికి వచ్చాయి. నగరాలకు రెండు మైళ్ల లోపలున్న అలాంటి నేలను ప్రైవేటు వ్యక్తులకు అమ్మకూడదని 1879 రాజ్యాంగం కట్టడి చేసింది. 1892లో ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే కేసులో సుప్రీంకోర్టు దీనికి దేశం మొత్తం మీద బలమిచ్చింది. షికాగో నగరపు సరస్సు ఒడ్డున వెయ్యి ఎకరాల నీటిమునక నేలను ఇల్లినాయ్ శాసనసభ రైలు కంపెనీకి రాసిచ్చేసి, నాలుగేళ్లకు వెనక్కి తీసుకుంది. అలా రాసివ్వడం అసలు చెల్లదని, ఆ నేలకు రాష్ట్రం ధర్మకర్తే తప్ప యజమాని కాదని కోర్టు తేల్చింది. 1911లో కాలిఫోర్నియా ప్రభుత్వం లాస్ ఏంజిలస్‌కూ శాన్ డియెగోకూ తమ తమ తీరపు నేలలను అప్పగించినప్పుడు కూడా అవే షరతులు పెట్టింది. నౌకాయానానికి, వాణిజ్యానికి, చేపలవేటకు వాడుకోవచ్చు. అమ్ముకోకూడదు. తర్వాతి తీర్పుల్లో, ముఖ్యంగా 1971లో మార్క్స్ వర్సెస్ విట్నీ కేసులో, జనం వినోదం, ప్రకృతి రక్షణ కూడా ఆ జాబితాలో చేరాయి. ఇళ్లు మాత్రం చేరలేదు. మన పోరంబోకు నేలకు ఇంత గట్టి కాపలా ఉంటే ఎన్ని చెరువులు మిగిలేవో అనిపిస్తుంది. ఆ ముచ్చట ఇక్కడ వద్దు. అమ్మడానికి వీల్లేని నేల మీద డబ్బు రావాలంటే ఒకే దారి ఉంది, లీజు. శాన్ డియెగో పోర్టు చట్టం దానికి గరిష్ఠంగా 66 ఏళ్ల హద్దు పెట్టింది.

లీజు కథకు ముందు ఆ ఒడ్డున ఉన్నదేమిటో చూడాలి. శాన్ పెడ్రో పాయకు అవతలి గట్టున టెర్మినల్ ఐలండ్ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అక్కడ నిజమైన జాలరి పల్లె ఉండేది. సుమారు 3,000 మంది జపాను మూలాల వాళ్లు. మగవాళ్లు ట్యూనా, సార్డిన్ వేటకు వెళ్తే, ఆడవాళ్లు పడవ ఒడ్డుకు చేరిందని, చేపలను డబ్బాల్లోకి ఎక్కించే క్యానరీ కూత వినిపించగానే, అది ఏ వేళైనా సరే, పనికి పరుగెత్తేవాళ్లు. ట్యూనా స్ట్రీట్ అని ఒక బజారు వీధి, అందులో కిరాణా, బట్టల కొట్లు, ఒక గుడి, ఒక బడి. పెరల్ హార్బర్ దాడి తర్వాత, 1942 ఫిబ్రవరి చివర్లో, ఆ ఊరివాళ్లకు 48 గంటల గడువిచ్చి ఖాళీ చేయించారు. వలలు, ఫ్రిజ్‌లు, మంచాలు వచ్చిన ధరకు అమ్ముకుని పోయారు. చాలామంది నిర్బంధ శిబిరాలకు చేరారు. వెనకనే ఇళ్లన్నీ నేలమట్టం చేశారు. ట్యూనా స్ట్రీట్‌లో రెండు కొట్ల భవనాలు మాత్రం మిగిలాయి. ఇది జరిగిన ఇరవై ఒక్క ఏళ్లకు, పాయకు ఇవతలి గట్టున, తాళ్లు చుట్టిన గుంజలు, వాడల బొమ్మలు, చెక్క వంతెనలు పెట్టి ఒక జాలరి పల్లెను ‘కట్టారు’. కొనుక్కోవడానికి కొవ్వొత్తులు, గవ్వలు, టీ కప్పులు. ఈ రెండింటి మధ్య కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. ఒకటి యుద్ధకాలపు జాతి ద్వేషం, రెండోది వ్యాపారం. కానీ పోర్ట్స్ ఓ కాల్‌ను ‘పాత శాన్ పెడ్రో’ అని తలుచుకుని బాధపడేవాళ్లు, దానికన్నా పాతది ఎదుటి గట్టునే ఉండేదని గుర్తుంచుకోవాలి. అది కూడా ఇలాంటి నేల మీదే, అద్దె ఇళ్లలో, కంపెనీల దయ మీద బతికింది.

రెండు పల్లెల పుట్టుకలోనూ ఒక వంతెన ఉంది. 1963 నవంబరులో విన్సెంట్ థామస్ వంతెన తెరవగానే, శాన్ పెడ్రోకూ టెర్మినల్ ఐలండ్‌కూ మధ్య క్యానరీ కూలీలను చేరవేసిన బల్లకట్టు ఆగిపోయింది. 1941లో కట్టిన దాని స్టేషను తర్వాత నౌకా మ్యూజియం అయింది. శాన్ డియెగోలో కరొనాడో దీవికి కార్లను మోసిన బల్లకట్టు 1969 ఆగస్టులో కరొనాడో వంతెన రాకతో మూలపడింది. కార్లు వరుసకట్టే ఆ రేవు, దాన్ని ఆనుకున్న పూడ్చిన నేల ఖాళీ అయ్యాయి. పదకొండేళ్ల తర్వాత మోరిస్ టాబ్మన్ అనే డెవలపర్ ఆ పరిసరాల్లోనే 14 ఎకరాల్లో సీపోర్ట్ విలేజ్ తెరిచారు. ఇదే సమయంలో ట్యూనా పరిశ్రమ కూడా సర్దుకుంటోంది. ప్రపంచ ట్యూనా రాజధాని అని పేరు తెచ్చుకున్న శాన్ డియెగోలో పోర్చుగీసు, ఇటాలియన్, జపాను కుటుంబాలు పెంచిన వేట అది. 1972లో వచ్చిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, విదేశీ రేవుల చౌక కూలి, ఇంధనం ధరలు కలిసి దాన్ని పసిఫిక్ అవతలికి నెట్టాయి. 1980ల మొదట్లో శాన్ డియెగోలోని పెద్ద క్యానరీలు మూతపడ్డాయి. టెర్మినల్ ఐలండ్‌లో స్టార్‌కిస్ట్ 1984లో మూసేసింది. అంటే ఈ బజారు పల్లెలు జాలర్లను తరిమి వచ్చినవి కావు. బల్లకట్టు పోయింది, క్యానరీ పోయింది, రైలు యార్డుకు పని తగ్గింది. సరుకుల రవాణా కంటెయినర్లలోకి మారి లోతైన టెర్మినళ్లకు తరలింది. ఊరి నడిమధ్య నీటి అంచున నేల మిగిలిపోయింది. దాన్ని అమ్మలేరు, ఇళ్లు కట్టలేరు. ఖాళీగా ఉంచితే పోర్టుకు రాబడి లేదు.

అక్కడికి సరిగ్గా సరిపోయిన వ్యాపారాన్ని కనిపెట్టినవాళ్లు ఇద్దరు. డేవిడ్ టాలిషే రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబరు పైలట్. జార్జ్ మిల్లే ఆయన భాగస్వామి. 1958లో లాంగ్ బీచ్‌లో ‘ది రీఫ్’ అనే పాలినీసియన్ అలంకారాల రెస్టారెంటుతో మొదలుపెట్టారు. 1961లో శాన్ పెడ్రోలో పోర్ట్స్ ఓ కాల్ రెస్టారెంటు, 1963లో దాని చుట్టూ పల్లె వచ్చాయి. మిల్లే తర్వాత శాన్ డియెగో వెళ్లి మరికొందరితో కలిసి 1964లో సీవరల్డ్ తెరిచారు. టాలిషే దేశమంతటా ఇలాంటి అలంకారపు రెస్టారెంట్లు పెడుతూ పోయారు. శాన్ పెడ్రో పల్లె వచ్చేనాటికి డిస్నీలాండ్ తెరిచి ఎనిమిదేళ్లు. తిండి కన్నా ముందు వాతావరణాన్ని అమ్మవచ్చని ఆ తరం నేర్చుకుంది. శాన్ పెడ్రోలో పాత కాలిఫోర్నియా ఒక పక్క, న్యూ ఇంగ్లండ్ తిమింగలాల వేట ఊరు మరో పక్క పెట్టారు. పసిఫిక్ ఒడ్డున అట్లాంటిక్ ఊరేమిటని ఎవరూ అడగలేదు. సీపోర్ట్ విలేజ్‌లోనూ అంతే. విక్టోరియన్, మెక్సికన్, మాంటెరే శైలులు పక్కపక్కనే నిలిచాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ముకిల్టియో దీపస్తంభానికి నకలు ఒకటి కట్టారు. అది ఏ వాడకూ దారి చూపించదు. ఆ ఆవరణలో నిజంగా పాతది అంటూ ఉంటే రంగులరాట్నం. న్యూయార్కులో చార్లెస్ లూఫ్ చెక్కిన కర్ర గుర్రాలవి. మొదట ఉన్నదాన్ని 2004లో అమ్మేశారు, దాని స్థానంలో ఆయనే 1895లో చేసిన మరొకటి తెచ్చారు. గుర్రంతో పాటు ఒంటె, ఏనుగు, డ్రాగన్ కూడా ఉన్న ఆ రాట్నం వయసు ముందు, దాని చుట్టూ ఉన్న ‘పాత’ పల్లె పసిబిడ్డ.

ఈ నకిలీని విమర్శకులు ఎగతాళి చేశారు, చేయదగ్గదే. కానీ అది అలా ఎందుకుందో ఆలోచించారా అంటే సందేహమే. నలభై ఏళ్ల తర్వాత భవనాలతో సహా భూమిని పోర్టుకు అప్పగించి పోవాల్సినవాడు రాతి గోడలు ఎందుకు కడతాడు? కర్ర, ప్లాస్టర్, పెంకు, రంగు చాలు. లీజు కాలంలో పెట్టుబడి తిరిగి రావాలి, లాభం రావాలి, ఆ తర్వాత ఏం మిగిలినా తనది కాదు. అద్దె లెక్క కూడా ఇందులో పాత్రధారే. ఇలాంటి పోర్టు లీజుల్లో కనీస అద్దె ఒకటి, అమ్మకాల్లో శాతం మరొకటి ఉండటం మామూలు. అమ్మకం ఎక్కువైతే పోర్టుకూ ఎక్కువ. వల బాగుచేసే కొట్టు, ఎర అమ్మే కొట్టు, తాళ్ల దుకాణం అమ్మకాల్లో ఐస్‌క్రీముతో, కాక్‌టెయిల్‌తో పోటీ పడలేవు. అందుకని వేట సామాను పోయి, వేటను గుర్తుచేసే బొమ్మలు వస్తాయి. దీని వెనక కుట్ర వెతకనక్కర్లేదు. పన్నుల కన్నా అద్దెల మీద బతికే సంస్థ తన పుస్తకాలు చూసుకున్నప్పుడు కనిపించే మామూలు లెక్క ఇది. ఇక గడువు దగ్గరపడిన కాలం సంగతి. కౌలుకు చేసే రైతు ఆఖరి ఏడు పొలంలో పెంట తోలడు. అలాగే లీజులో పదేళ్లు మిగిలాక బ్యాంకు అప్పివ్వదు, డెవలపర్ కప్పు మార్చడు, దుకాణదారు కొత్త ఫర్నిచర్ కొనడు. రంగు వెలుస్తుంది, గుంజలు పుచ్చుతాయి, మంచి దుకాణాలు వేరే చోటు చూసుకుంటాయి, వాటి స్థానంలో టీషర్టుల కొట్లు వస్తాయి. అప్పుడు పోర్టు వచ్చి, చూడండి ఎంత పాడైందో, కూల్చి కట్టక తప్పదు అంటుంది. పాడవటం కూలగొట్టడానికి కారణంగా కనిపిస్తుంది గానీ, రెండూ గడువు కన్న బిడ్డలే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. అమెరికా అంతటా మాల్స్ చనిపోయాయి, జనం ఫోనులో కొంటున్నారు, కొవ్వొత్తుల కొట్టు ఏ లీజు మీద ఉన్నా మూతపడేదే కదా. కొంతవరకు నిజమే. బాల్టిమోర్ రేవు ఒడ్డున డెవలపర్ జేమ్స్ రౌస్ కట్టిన హార్బర్‌ప్లేస్ బజారు కూడా సీపోర్ట్ విలేజ్ పుట్టిన 1980లోనే తెరిచి, దేశమంతా కాపీ కొట్టేంత పేరు తెచ్చుకుని, చివరికి 2019లో కోర్టు నియమించిన రిసీవరు చేతికి వెళ్లింది. కానీ మన రెండు పల్లెల్లోనే దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. సీపోర్ట్ విలేజ్ పక్కనే, అదే పోర్టు నేల మీద, 1939లో కట్టిన పాత పోలీసు ప్రధాన కార్యాలయం ఉండేది. పోలీసులు 1987లో వెళ్లిపోయాక అది పాతికేళ్లు ఖాళీగా పడి ఉంది. సీపోర్ట్ విలేజ్‌ను అప్పుడు నడుపుతున్న టెర్రమార్ కంపెనీయే దాన్ని బాగుచేసి 2013లో దుకాణాలు, హోటళ్లతో తెరిచింది. నాటి జైలు గదుల్ని చూపరుల కోసం అలాగే ఉంచింది. అదే కంపెనీ, అదే జనం, అదే ఎండ, ఒక రోడ్డు తేడా. కొత్త లీజు ఉన్న చోట డబ్బు పోశారు, గడువు తీరబోయే చోట పోయలేదు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 2018లో పోర్టు తన చేతిలోకి తీసుకున్నాక సీపోర్ట్ విలేజ్‌కు మరమ్మతులు చేయించి, తక్కువ కాలపు ఒప్పందాల మీద కొత్త హోటళ్లను, స్థానిక బీరు తయారీదార్లను రప్పించింది. చనిపోయిందనుకున్న చోటుకు జనం మళ్లీ వచ్చారు. జబ్బు షాపింగుదే అయితే, ఇంత చిన్న వైద్యానికి తగ్గకూడదు.

శాన్ పెడ్రో సాక్ష్యం ఇంకా రుచికరమైంది. పోర్ట్స్ ఓ కాల్ చివరి రోజుల్లో సగం కొట్లు మూసి ఉండగా, అక్కడి శాన్ పెడ్రో ఫిష్ మార్కెట్ మాత్రం కిటకిటలాడేది. 1956లో మొదలై తర్వాత పల్లెలోకి మారిన కుటుంబ వ్యాపారం. గాజు పెట్టెల్లో మంచు మీద పేర్చిన చేపల్లో, రొయ్యల్లో కావాల్సినవి చూపించి తూకం వేయించుకోవాలి. అక్కడే వేయించి ఇస్తారు. పేరుమోసింది రొయ్యల ట్రే. తోకతో ఉన్న రొయ్యలు, మందంగా తరిగిన బంగాళాదుంప, కాప్సికం, ఉల్లి, టమాటా అన్నీ మెక్సికన్ మసాలాలో ఒకే పెనం మీద వేయించి గుట్టగా పోస్తారు, పక్కన వెల్లుల్లి రొట్టె. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని చేతులతో తినే తిండి. నీటి పక్కన వరసల కొద్దీ బల్లలు, ఆదివారం మెక్సికన్ కుటుంబాలు, మరియాచి పాటగాళ్లు, పక్కన సీగల్ పక్షుల గోల. సొగసైన అలంకారం ఏమీ లేదు. వాస్తుశిల్పులు గీసిన న్యూ ఇంగ్లండ్ పల్లె వెలిసిపోయాక, దాని శిథిలాల చౌక అద్దెలో, ఎవరూ గీయని నిజమైన బజారు ఒకటి పెరిగింది. నకిలీదే కదా, పోతే పోనీ అనేవాళ్లకు నా జవాబు ఇదే. అలంకారం నకిలీదే. కానీ యాభై ఐదేళ్లలో దానిలోకి చేరిన జీవితం నకిలీది కాదు. పైగా అంతకు ముందు క్యానరీలు, యార్డులు మూసేసిన నీటి అంచు దాకా, టిక్కెట్టు లేకుండా, ఎవరైనా నడిచి వెళ్లే హక్కు ఆ చవకబారు పల్లెలతోనే సామాన్యుడికి దక్కింది. కూల్చేటప్పుడు తూకం వేయాల్సింది దీన్ని.

తూకం వేశారా? 2013లో లాస్ ఏంజిలస్ పోర్టు ఒక డెవలపర్ల జట్టును ఎంచుకుంది. మొదట శాన్ పెడ్రో పబ్లిక్ మార్కెట్ అని, 2020 నుంచి వెస్ట్ హార్బర్ అని వాళ్ల పథకాన్ని పిలిచారు. 42 ఎకరాల్లో రెస్టారెంట్లు, పచ్చిక బయళ్లు, 6,000 మందికి పైగా కూర్చునే ఆరుబయటి సంగీత వేదిక. పాతదాన్ని 2018లో కూల్చారు. కొత్తదానికి శంకుస్థాపన 2022 నవంబరులో జరిగింది. మధ్యలో నాలుగేళ్లు, కోవిడ్‌తో సహా, ఆ గట్టు చాలావరకు మట్టి మైదానం. కొత్త పథకంలో చోటు దొరుకుతుందని ఏళ్లపాటు అనుకున్న ఫిష్ మార్కెట్ చివరికి 2023లో పాత చోటు వదిలి దగ్గర్లోని తాత్కాలిక స్థలానికి మారాల్సి వచ్చింది. శాన్ డియెగోలో వేరే రకం ఆలస్యం. సీపోర్ట్ విలేజ్ స్థానంలో కట్టడానికి 2016లో ఆరు ప్రతిపాదనల నుంచి ఒకటి ఎంచుకున్నారు. చూపరుల కోసం ఆకాశాన్నంటే బురుజు, ఆక్వేరియం, హోటళ్లు, సరస్సులాంటి బీచి. ఖర్చు 120 కోట్ల డాలర్లన్నది ఏళ్లు గడిచేకొద్దీ 380 కోట్ల దాకా పెరిగింది. పర్యావరణ సమీక్షలు, డిజైన్ మార్పులు దాటుతూ ఏళ్లపాటు కాగితం మీదే ఉండిపోయింది. ఈ ఆలస్యాన్ని ప్రభుత్వపు అసమర్థత అని తిట్టడం తేలిక. నేనైతే అందులో మంచి కూడా చూస్తాను. ఆలస్యం వల్లనే సీపోర్ట్ విలేజ్ నిలిచి, చిన్న మరమ్మతుతో ఎంత బతకగలదో అందరికీ కనిపించింది. శాన్ పెడ్రోలో ముందు కూల్చి తర్వాత ఆలోచించారు. పోల్చి చూసే అవకాశమే మిగల్లేదు.

ఇంకో అభ్యంతరం డెవలపర్ల వైపు నుంచి వస్తుంది, అది కూడా బలమైనదే. చిన్న లీజు వల్లే నాసిరకం కట్టడాలు, చివరి పదేళ్ల నిర్లక్ష్యం వచ్చాయంటున్నావు కదా, అయితే మాకు నిండా 66 ఏళ్లు ఇవ్వండి, గట్టిగా కడతాం అంటారు. వందల కోట్ల డాలర్లు అప్పిచ్చేవాడికి పొడుగు లీజు కావాలన్నది కాదనలేం. కానీ పొడుగు లీజు ఆఖరి ఏడు సమస్యను తీర్చదు, మన మనవల కాలానికి వాయిదా వేస్తుంది. ఈలోగా రెండు తరాల పాటు ఆ నేల మీద ఏముండాలో మార్చే అధికారం ప్రజల చేతి నుంచి జారిపోతుంది. 1963లో ఎవరైనా పోర్ట్స్ ఓ కాల్‌కు 66 ఏళ్లు రాసిచ్చి ఉంటే ఆ పాలినీసియన్ గుడిసెలను 2029 దాకా భరించాలి. పొడవు కన్నా ముఖ్యమైనవి లీజు లోపలి షరతులు. అద్దెలో కొంత వాటాను మరమ్మతుల నిధికి కట్టి పెట్టాలా? ఆఖరి పదేళ్లలో నిర్వహణ ఎవరి బాధ్యత? చిన్న దుకాణాలకు తిరిగి వచ్చే హక్కు ఉందా? నీటి అంచు నడకదారి ఏ వేళల్లో తెరిచి ఉండాలి? పోటీలో గెలిచిన రంగురంగుల బొమ్మలు పత్రికల మొదటి పేజీల్లో వచ్చాయి. ఈ ప్రశ్నల జవాబులు వందల పేజీల ఒప్పందాల్లో ఉంటాయి, వాటిని చదివేవాళ్లు తక్కువ.

మరి ఇళ్లు కట్టనిస్తే ఏం? కాలిఫోర్నియాలో ఇళ్ల కరువు ఘోరంగా ఉంది; ఊరి నడుమ నేలను బొమ్మల కొట్లకు ఉంచి, జనాన్ని గంటల కొద్దీ ప్రయాణం చేయించడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. బాల్టిమోర్ ఆ దారి పట్టింది. 1978లో ఓటర్లు ఒప్పుకున్నాకే హార్బర్‌ప్లేస్‌కు ఆ ఒడ్డున చోటిచ్చిన ఆ నగరం, 2024 నవంబరులో మళ్లీ ఓటేసి, అక్కడ అపార్ట్‌మెంట్లు కట్టుకునేలా తన చార్టర్‌ను మార్చుకుంది. బలమైన వాదనే, అందులో దయ కూడా ఉంది. అయినా ఒప్పుకోలేను. నీటి అంచున వచ్చే ఇళ్లు పేదలకు రావు. అద్దె ఎంతో ఊహించడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. పైగా దుకాణం మూసేస్తే కొత్త దుకాణం వస్తుంది, ఇల్లు మాత్రం ఖాళీ కాదు. ఇళ్లు వచ్చాక రాత్రి పడవ మోటార్ల చప్పుడు, చేపల వాసన, తెల్లవారుజామున మూడింటికి దింపే లారీ మీద ఫిర్యాదులు మొదలవుతాయి, చివరికి పనిచేసే రేవు వెళ్లిపోతుంది. ఆటుపోటు నేల మీద ఇళ్లు వద్దన్న పాత నియమం మొండిగా కనిపించినా, వెనక్కి తిప్పుకోలేని పనిని ఆపుతోంది. సీపోర్ట్ విలేజ్‌ను తీసేయడం, మార్చడం, మళ్లీ బతికించడం గురించి ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నామంటే దానికి కారణం ఆ నియమమే.

పనిచేసే రేవు అసలింకా మిగిలుందా అంటే, మిగిలుంది. సీపోర్ట్ విలేజ్‌కు కూతవేటు దూరంలో ట్యూనా హార్బర్ ఉంది. పెద్ద ట్యూనా పడవలు పోయాయి గానీ, చిన్న పడవల జాలర్లు అక్కడే ఉన్నారు. 2014 ఆగస్టులో వాళ్లు శనివారం ఉదయం పడవ పక్కనే చేపలమ్మే సంత మొదలుపెట్టారు. రాక్‌ఫిష్, స్పైడర్ పీతలు, అప్పుడే పగలగొట్టి తినిపించే సీ అర్చిన్లు, పెద్ద చక్రంలాంటి ఓపా చేప ముక్కలు. రైతుబజారు ఉందిగానీ జాలరి బజారుకు ఆరోగ్యశాఖ నిబంధనల్లో గడే లేదు. అందుకని 2015లో రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 1976 నాటి తీర రక్షణ చట్టం ఇంకా ముందే, చేపలవేటకు పనికొచ్చే రేవు సౌకర్యాలను, వాటి అవసరం తీరిపోయిందని తేలితేనో, తగిన ప్రత్యామ్నాయ చోటు ఇస్తేనో తప్ప, తగ్గించకూడదని రాసింది. శాన్ డియెగో కొత్త పథకం మీద జాలర్లు బేరమాడగలిగింది ఆ వాక్యం బలంతోనే. పడవల గూళ్లు, మంచు యంత్రం, లారీ తిరగడానికి చోటు, వలలు ఆరబెట్టే చప్టా వీటి గురించి వాళ్లు అడిగారు. బురుజు ఎత్తు గురించి పెద్దగా పట్టించుకోలేదు. పల్లె రూపాన్ని కాపాడాలని సంతకాలు సేకరించినవాళ్ల కన్నా, ఏ గజం నేల ఏ పనికి, ఎన్నేళ్లకు అన్న ఈ లెక్క అడిగినవాళ్లే ఆ తీరం చరిత్రను సరిగ్గా చదివారని నేననుకుంటాను. శాన్ పెడ్రోలో వెస్ట్ హార్బర్ తలుపులు పూర్తిగా తెరిచాక రొయ్యల ట్రే ధర ఎంతుంటుందో, దాని చుట్టూ ఆ ఎనిమిది మంది ఏ రోడ్డు నుంచి ఎలా నడిచి వస్తారో కూడా ఆ లెక్కలోనివే.